అమ్మబోతే అడవి

స్పోర్ట్స్ కారు పెట్టుబడి కాదు. అటూ ఇటూ ఊగకుండా ముందే చెప్పేస్తున్నాను. అది అద్భుతమైన యంత్రం. దాని ఇంజిన్ మోతకు ఒళ్ళు పులకరించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సొంత డబ్బుంది, నడపాలన్న మోజుంది, కొనుక్కుంటానంటే ఎవరూ అడ్డు చెప్పక్కర్లేదు. నా కోపమంతా దాన్ని అంటగట్టడానికి చెప్పే అబద్ధం మీద. “ఇది ఖర్చు కాదన్నా, ఇన్వెస్ట్‌మెంట్. నాలుగేళ్ళు దర్జాగా తిరుగు, తర్వాత కొన్న రేటుకే అమ్ముకో. టైమ్ బాగుంటే పైన ఇంకో యాభై లక్షలు.”

ఈ మాట జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపు పాత లగ్జరీ కార్లు అమ్మేచోట రోజూ వినిపిస్తోంది. ఇన్‌స్టా రీల్స్‌లో బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఒకడు చెబుతాడు, కింద కుర్రాళ్ళు ‘నిజం బ్రో’ అని రాస్తారు. ఆ వినేవాళ్ళెవరో చూడండి. పక్కనుంచి రింగురోడ్డు పోవడంతో తాతలనాటి పొలం కోట్లు పలికిన ఇంటి కొడుకు. కంపెనీ షేర్లు చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండు వెంచర్లు వేసి, మూడోదానికి ముందు నలుగురిలో కాస్త గొప్పగా కనబడాలనుకున్న రియల్టర్. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ ప్రభుత్వ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ వార్తతో శివారు గ్రామాల్లో డబ్బు గురించిన ఊహలే మారిపోయాయి. అంత సొమ్ము ఒక్కసారిగా కళ్ళజూసిన కుటుంబానికి దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో చెప్పేవాడు దొరకడు. ఖర్చు పెట్టించేవాడు మాత్రం గేటు దగ్గరే కాచుకుని ఉంటాడు.

వాళ్ళు సాక్ష్యంగా చూపించేవి వేలంపాటల వార్తలు. 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హాట్ కూపే 2022 మేలో 13.5 కోట్ల యూరోలకు పోయింది. ఫెరారీ 250 జీటీఓ ఒకటి 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. మరొకటి 2023 నవంబరులో న్యూయార్క్‌లో 5.17 కోట్ల డాలర్లు తెచ్చింది. అన్నీ నిజాలే. అయితే ఆ రకం మెర్సిడెస్ కార్లు తయారైనవే రెండు, దశాబ్దాలపాటు ఆ రెండూ కంపెనీ దగ్గరే ఉన్నాయి. 1962 నుంచి 1964 దాకా తయారైన 250 జీటీఓలు మొత్తం 36. మరి 2024 ఒక్క ఏడాదిలో ఫెరారీ అమ్మిన కార్లు 13,752. లంబోర్గినీ 10,687. పోర్షే 911 ఒక్క మోడలే 50 వేలు దాటింది. ముప్పై ఆరింటిలో ఒకటి కొన్నవాడి కథ చెప్పి, పదమూడు వేలలో ఒకటి చేతిలో పెడుతున్నారు. ఇది మోసం కాకపోతే ఏది మోసం?

ఆ 36 కార్లయినా మొదటి నుంచీ బంగారు గుడ్లు పెట్టలేదు. అవి పందెం కార్లు. పందేలు అయిపోయాక పాత ఇనుముతో సమానం. వాటిలో ఒకదాన్ని అమెరికాలో టెక్సస్‌లోని ఒక హైస్కూలుకు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి, ఊరికే ఇచ్చేశారు. 1972లో ఆ స్కూలు దాన్ని సుమారు 6,500 డాలర్లకు వదిలించుకుంది. కొన్నాయన ఒహాయోలో ట్రెయిలర్ మీద పెట్టి ఆరుబయట పొలంలో వదిలేశాడు. ఏళ్ళ తరబడి అది అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసింది. రేపు ఇది కోట్ల డాలర్ల ఆస్తి అని తెలిసినవాడు దాన్ని అలా వదిలేస్తాడా? యజమానికే తెలియని భవిష్యత్తు ఇవాళ రీల్స్ చేసే కుర్రాడికి తెలుసంటే నేను నమ్మను. అదే కాలంలో ట్రాకుల మీద పరుగెత్తి, చివరికి తుక్కు దుకాణాల్లో తేలిన కార్లు ఎన్నో. వాటికి వేలంపాట ఉండదు, వార్త ఉండదు, ధరల సూచీలో చోటుండదు. బతికి బట్టకట్టినవాటి ధరలే లెక్కగట్టి మొత్తం జాతి విలువ పెరిగిందంటే ఆ లెక్కకు అర్థమేముంది?

ఈ భ్రమ ఒకసారి పెద్ద ఎత్తున పేలిపోయింది కూడా. 1988 ఆగస్టు 14న ఎంజో ఫెరారీ చనిపోయాడు. ఆయన ఉండగా వచ్చిన చివరి కారు ఎఫ్40 అంతకు ముందటేడు విడుదలైంది. అప్పటికే పైకి పోతున్న ధరలకు ఆయన మరణంతో రెక్కలొచ్చాయి. కారు చేతికి రాకముందే బుకింగ్ కాగితాలు చేతులు మారాయి. స్టీరింగ్ పట్టుకునే ఉద్దేశమే లేని సట్టా వ్యాపారులు, అప్పులు తెచ్చి మరీ, లండన్ నుంచి టోక్యో దాకా కార్లు కొని షెడ్లలో పెట్టారు. 1989లో కోటి డాలర్లు దాటిన 250 జీటీఓ ధర, తొంభైల నడిమికి వచ్చేసరికి అందులో మూడోవంతు కూడా లేదు. మహా అపురూపమైన 36 కార్ల గతే అదైతే, మిగతావాటి సంగతి చెప్పాలా?

జాగ్వార్ ఎక్స్‌జే220 కథ ఇంకా ఘోరం. 1988లో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో నమూనా చూపించి, పన్నెండు సిలిండర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తి అన్నారు. జనం 50 వేల పౌండ్ల చొప్పున డిపాజిట్లు కట్టి వరస కట్టారు. వాళ్ళలో ఎంతోమందికి ఆ కారు నడిపే ఉద్దేశమే లేదు. డెలివరీ రోజున తాళాలు ఇంకొకడి చేతిలో పెట్టి లాభం జేబులో వేసుకుందామనుకున్నారు. 1992లో కారు వచ్చింది. పన్నెండు సిలిండర్ల చోట ఆరు, నాలుగు చక్రాల చోట వెనక రెండింటికే శక్తి, ధరేమో 4 లక్షల 70 వేల పౌండ్లు. ఈలోగా మార్కెట్ కూలింది. మాకొద్దు మొర్రో అని డిపాజిట్ కట్టినవాళ్ళు వెనక్కి తగ్గారు. వ్యవహారం కోర్టుకెక్కింది. కొందరు కారు తీసుకోకుండా తప్పించుకోవడానికి ఎదురు డబ్బు కట్టారు. 350 తయారుచేద్దామనుకున్న కంపెనీ మూడొందలైనా చేయలేకపోయింది. నిజానికి ఆ రోజుల్లో రోడ్డు మీద తిరిగే కార్లలో అంత వేగం దాదాపు దేనికీ లేదు. కారు గొప్పదే. గొప్ప కారు కొన్నా పెట్టుబడి మునుగుతుందని ఆ బ్రిటిష్ పెద్దమనుషులకు తెలిసొచ్చింది. ముప్పై ఏళ్ళు దాటాక అదే పాఠం మన పిల్లల చేత కొత్తగా ఫీజు కట్టించి నేర్పిస్తున్నారు.

కొత్త మోడళ్ళలో ‘లిమిటెడ్ ఎడిషన్’ అంటే ధర పెరుగుతుంది కదా అంటారు. ఎన్ని తయారుచెయ్యాలన్నది ఎవరి చేతిలో ఉంది? 2016లో పోర్షే 911 ఆర్ అని 991 కార్లే చేసింది. చేత్తో మార్చే గేర్లు కావాలని తపించిపోతున్న అభిమానులు ఎగబడ్డారు. షోరూమ్ ధరకు రెండింతలు, మూడింతలు పలికింది. మరుసటేడే అదే కంపెనీ చేతి గేర్లతో జీటీ3 టూరింగ్ తెచ్చింది. 911 ఆర్ ధర జారింది. ఇంకో సంగతి. నిజంగా ధర పెరిగే అవకాశమున్న కార్లు డబ్బు చూపించినవాడికల్లా ఇవ్వరు. ఏళ్ళ తరబడి వరసగా కార్లు కొంటూ వచ్చినవాళ్ళ జాబితా ఒకటి ఉంటుంది, ముందు వాళ్ళకు. వెంటనే అమ్ముకోకూడదని సంతకం కూడా పెట్టిస్తారు. 2017లో ఫోర్డ్ కంపెనీ తన జీటీ కారును గడువుకు ముందే అమ్మేశాడని కుస్తీవీరుడు, నటుడు జాన్ సీనా మీదే దావా వేసింది, తర్వాత రాజీ అయ్యారు. ఆయనకే ఆ పరిస్థితి ఎదురైంది. ఆ జాబితాలో శంకరపల్లి లాంటి శివారు ఊరి కుర్రాడి పేరు ఎక్కేదెప్పుడు? అతనికి దొరికేది ఎవరైనా ఎప్పుడైనా కొనుక్కోగలిగిన మామూలు మోడలే.

ఇప్పుడు మన దేశపు లెక్కకు వద్దాం. అసలు రక్తం పీల్చేది ఇక్కడే. విదేశంలో పూర్తిగా తయారై ఓడ దిగే ఖరీదైన కారు మీద 70 శాతం మూల సుంకం, 40 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు, వెరసి 110 శాతం. బీమా, రవాణా కలుపుకుని రేవులో కోటి రూపాయలకు దిగిన కారు అనుకోండి. సుంకంతో 2 కోట్ల 10 లక్షలు. దాని మీద 40 శాతం జీఎస్టీ అంటే ఇంకో 84 లక్షలు, మొత్తం 2 కోట్ల 94 లక్షలు. తెలంగాణలో 2022లో 20 లక్షలు దాటిన కార్లకు పెట్టిన 18 శాతం లైఫ్ ట్యాక్స్ ప్రకారమే వేసినా 53 లక్షల దాకా. డీలరు లాభం, బీమా ఇంకా కలపనే లేదు, మూడున్నర కోట్లకు చేరాం. ఇందులో కారు కోటి. తక్కినదంతా ప్రభుత్వాలకు కట్టిన పన్ను. అది ఆస్తి ఎలా అవుతుందో నాకు ఎవరైనా వివరించాలి.

దీనికి అమ్మేవాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. కొత్త కారు ధరలో పన్ను ఉంటుంది కాబట్టి పాత కారు ధర కూడా దాన్ని బట్టే నిలబడుతుందంటారు. సరే, ఒప్పుకుందాం. అంటే మీరు పందెం కాస్తున్నది కారు మీద కాదు, ఆ పన్ను ఎప్పటికీ తగ్గదన్న నమ్మకం మీద. అది తగ్గడం మన కళ్ళముందే మొదలైంది. 2025 సెప్టెంబరు 22 దాకా పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 48 నుంచి 50 శాతం ఉండేది. ఆ రోజు నుంచి 40కి దిగింది. సెప్టెంబరు 21న బిల్లు కట్టినవాడి కారు రాత్రికి రాత్రి చవకైపోయింది, ఒక్క కిలోమీటరు తిరగకుండానే. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో అక్కడి కార్ల మీద సుంకం, కోటా మేరకు, అంచెలంచెలుగా 10 శాతానికి దిగేలా రాసుకున్నారు. ఆస్టన్ మార్టిన్, మెక్‌లారెన్ వచ్చేది అక్కడి నుంచే. ఫెరారీ, లంబోర్గినీ, పోర్షేలను పంపే ఐరోపా సమాఖ్యతో జరిగిన బేరంలోనూ దిక్కు అదే. ఇవాళ 110 శాతం కట్టి కొని, ఐదేళ్ళ తర్వాత అంతకన్నా తక్కువ సుంకంతో దిగిన కొత్త కారు పక్కన తన పాత కారు నిలబెట్టి లాభానికి అమ్ముతానంటాడా ఆ శంకరపల్లి కుర్రాడు? ఎవడు కొంటాడు?

అంతదాకా ఎందుకు, మీ బీమా కాగితం తీసి చూడండి. కారు పోతే కంపెనీ ఎంత ఇస్తుందో లెక్కగట్టే పట్టిక ఒకటుంది. ఆరునెలల లోపు 5 శాతం కోత. ఏడాదికి 15. రెండేళ్ళకు 20. మూడేళ్ళకు 30. నాలుగేళ్ళకు 40. ఐదేళ్ళకు 50. ఏ సెకండ్‌హ్యాండ్ వ్యాపారినీ అడగకుండా, కారు విలువ ఏటా కరిగిపోతుందని దేశమంతా ఒప్పుకున్న పట్టిక ఇది. దాని కిందే సంతకం పెట్టి, సాయంత్రం స్నేహితులతో ‘నాది అసెట్’ అని చెప్పుకోవడానికి మనసెలా ఒప్పుతుంది?

ఇక అప్పు. అప్పు చేసి పప్పుకూడు తినొద్దని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. రెండు కోట్లు 10 శాతం వడ్డీకి ఐదేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 4 లక్షల 25 వేల కిస్తీ. చివరికి కట్టేది 2 కోట్ల 55 లక్షలు. 55 లక్షలు వడ్డీకే పోతాయి, ఆ ఐదేళ్ళలో కారు విలువ పైపట్టిక ప్రకారం సగానికి దిగుతుంది. రెండు వైపులా కోతే. ఈ మధ్య కాలంలో డబ్బు వేరే దారుల్లో ఏం చేసిందో చూడండి. 2014 మేలో 25 వేలు దాటిన సెన్సెక్స్ 2024 జూలైలో 80 వేలు తాకింది. పది గ్రాముల బంగారం 2025 ఏప్రిల్‌లో తొలిసారి లక్ష రూపాయలకు చేరింది. ఆ బంగారానికి టైర్లు మార్చక్కర్లేదు, సర్వీసింగ్ అక్కర్లేదు, మూడేళ్ళు బీరువాలో పెట్టి తాళం వేస్తే పాడవదు. నంద్యాలలో ఐనా కరీంనగర్‌లో ఐనా ఏ దుకాణానికి పోయినా తూచి, ఆనాటి రేటు చూసి, డబ్బు చేతిలో పెడతారు. ఐదేళ్ళ పాత స్పోర్ట్స్ కారును కరీంనగర్‌లో అమ్మి చూడండి.

ఆ అమ్మకం ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. కొనేటప్పుడు కాఫీలు తెప్పించి, కుర్చీ వేసి, సార్ సార్ అన్నవాళ్ళే వస్తారు. ఈసారి చేతిలో అరచేయంత పరికరం ఉంటుంది. పెయింట్ మందం కొలుస్తుంది అది. తలుపుకు, బంపరు అంచుకు, డిక్కీ మూతకు ఆనించుకుంటూ పోతారు, ఎక్కడ అంకె మారితే అక్కడ దెబ్బ తగిలి మళ్ళీ రంగు వేశారన్నమాట. తర్వాత ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని సెల్‌ఫోన్ వెలుగులో టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదువుతాడు. 2219 అని ఉంటే 2019లో 22వ వారంలో తయారైన టైరు. అరుగుదల లేకపోయినా వయసైపోయింది, నాలుగూ మార్చాలి, కొట్టెయ్ ధరలోంచి. బ్రేకు డిస్కుల అంచు మీద వేలు పెట్టి తడుముతాడు. పోర్షే అయితే లాప్‌టాప్ తగిలించి లోపలి కంప్యూటర్‌ని అడుగుతారు. ఇంజిన్‌ను పరిమితి దాటి ఎన్నిసార్లు తిప్పారో, ఎన్ని గంటలప్పుడు తిప్పారో అది గుర్తుపెట్టుకుని ఉంటుంది. సర్వీసు పుస్తకంలో ఒక ముద్ర తక్కువైనా కోత. రెండో యజమాని అయితే కోత. మూడో యజమాని అయితే మాట్లాడేదే లేదు. పచ్చరంగు అని కోత. ఎవరికీ నచ్చదట, కొన్నప్పుడు అదే రంగు ‘రేర్’ అన్నారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత రైతు కోసం పుట్టి ఉండొచ్చు, అది పూర్తిగా అక్షరసత్యమయ్యేది ఈ ఆవరణలోనే. కొనేవాడికి తొందర లేదు, అమ్మేవాడికి వచ్చే ఐదో తారీఖున కిస్తీ ఉంది. దేశం మొత్తంలో లంబోర్గినీ 2023లో అమ్మినవి 103. కొత్తది కొనేవాళ్ళే అంత తక్కువమంది ఉన్న సంతలో, పాతది కొనడానికి మీ గేటు తట్టేదెవరు?

పోనీ తిప్పకుండా దాచుకుంటే? కవరు కప్పి దాచిన కారు మరీ తొందరగా చెడుతుంది. బ్యాటరీ చస్తుంది. ఒకే చోట నిలబడి టైర్లు ఒక పక్క చదునవుతాయి. రబ్బరు సీళ్ళు ఎండి చమురు కారుతుంది. పాత ఫెరారీ ఎఫ్355 లాంటివాటిలో టైమింగ్ బెల్టు కొన్నేళ్ళకోసారి మార్చాల్సిందే, కారు కదిలినా కదలకపోయినా. దానికోసం ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. ఎఫ్40లో పెట్రోలు ఉండేది రబ్బరు సంచుల్లో, వాటికీ గడువుంది. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో నిలవుంటే పాత కారు ఇంధన గొట్టాలకు మంచిది కాదు. తిప్పితే మీటరు పెరిగి ధర తగ్గుతుంది, తిప్పకపోతే ఒళ్ళు చెడి ఖర్చు పెరుగుతుంది. గంటకు మూడొందల కిలోమీటర్లు పోయే బండిని 120 పరిమితి ఉన్న అవుటర్ రింగురోడ్డు మీద ఆదివారం తెల్లారుజామున ఒకసారి తిప్పి, దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా ముందుభాగం గీసుకుంటుందేమోనని ఊపిరి బిగబట్టి ఇంటికి తెచ్చి కవరు కప్పేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కారును ప్రేమించేవాడు దాన్ని నడుపుతాడు. పెట్టుబడి అని నమ్మినవాడు నడపడు, నడిపిన సంతోషం కూడా అతనికి లేదు.

ఆడిటర్లు చెప్పే ఊరట ఒకటుంది. సొంత వాడకానికి కొన్న కారు ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యక్తిగత వస్తువు, కాబట్టి లాభమొస్తే పన్ను లేదు. నిజమే. నష్టం వస్తే దాన్ని వేరే లాభాలతో సర్దుకునే వీలూ లేదు. నూటికి తొంభైతొమ్మిది మందికి వచ్చేది నష్టమే అయినప్పుడు ఈ ఊరట ఎవరికి? కంపెనీ పేరు మీద కొను, తరుగుదల చూపించుకో అంటారు. ఏటా 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, ఆ మేరకు పన్ను తగ్గుతుంది. కట్టిన జీఎస్టీ మాత్రం తిరిగి రాదు, అలాంటి కార్లకు ఆ వెసులుబాటు చట్టంలోనే మూసేశారు. అసలు, కారు పెరిగే ఆస్తి అని ఒక నోటితో, తరుగుదల రాసుకో అని ఇంకో నోటితో చెప్పే మనిషిని ఎలా నమ్ముతారు?

లాభపడినవాళ్ళే లేరా? ఉన్నారు. మిస్టర్ బీన్‌గా మనకు తెలిసిన రోవన్ అట్కిన్సన్ 1997లో మెక్‌లారెన్ ఎఫ్1 ను 6 లక్షల 40 వేల పౌండ్లకు కొన్నాడు. 2015లో 80 లక్షల పౌండ్లకు అమ్మాడు. రీల్స్‌లో ఇంతవరకే చెబుతారు. మధ్యలో ఏం జరిగిందో చెప్పరు. ఆయన దాన్ని 40 వేల మైళ్ళకు పైగా నడిపాడు. రెండుసార్లు గుద్దాడు, 2011లో ప్రమాదం తర్వాత మరమ్మతుకే బీమా కంపెనీ 9 లక్షల 10 వేల పౌండ్లు పెట్టింది. కారు ధర కన్నా మరమ్మతు ఖర్చే ఎక్కువ. అది ఇంజినీరింగ్ చదివి, బళ్ళంటే పిచ్చి ఉన్న మనిషి చేసిన పని. ఆ కారును కొత్తలో కొనేవాళ్ళు లేక కంపెనీ 300 అనుకున్నది 106తో ఆపేసింది. ఆ రోజు కొన్నవాళ్ళకు లాభం ఆశ కూడా లేదు. అటువంటి కథను తీసుకొచ్చి, నడపడమే రాని పిల్లాడికి కిస్తీల మీద పాత లంబోర్గినీ గలార్డో అంటగట్టడం అన్యాయం.

ఆ కిస్తీ బరువు మోయలేక కొందరు ఎక్కే అడ్డదారులు వేరే ఉన్నాయి. లైఫ్ ట్యాక్స్ తప్పించుకోవడానికి పుదుచ్చేరిలోనో, ఈశాన్య రాష్ట్రాల్లోనో రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పడం. రవాణా అధికారులు ఆపినప్పుడు పన్ను, జరిమానా కట్టి విడిపించుకోవడం. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ‘నుమ్‌ఖోర్’ పేరుతో దాడులు చేసి, భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చాయన్న అనుమానంతో ఖరీదైన పాత కార్లు పట్టుకున్నారు. చవగ్గా వచ్చిందని సంబరపడి కొన్నవాడి ‘ఆస్తి’ కస్టమ్స్ షెడ్డులో చేరింది. 2024 ఏప్రిల్‌లో మన పహాడీషరీఫ్ దగ్గర జరిగింది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 2009 మోడల్ లంబోర్గినీ గలార్డో. అమ్మకానికి పెట్టారు. మధ్యవర్తులు, డబ్బు బాకీ తగాదా. నడిరోడ్డు మీద పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది. పసుపుపచ్చ కారు కాసేపట్లో నల్లటి చట్రమై మిగిలింది.

నాకు కడుపు మండేది వీటన్నిటికన్నా ముందున్న రోజు గురించి, పొలం అమ్మిన రోజు గురించి. భూమి అమ్మడం మన ఇళ్ళలో చిన్న సంగతి కాదు. తండ్రి ఒక రాత్రి అన్నం తినడు. ఆడపిల్లలకు వాటా ఇవ్వాలా వద్దా అని పోట్లాటలవుతాయి. చివరికి రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రలు పడి డబ్బు బ్యాంకులో పడుతుంది. ఆ డబ్బు అక్క పెళ్ళికి, తమ్ముడి చదువుకు, తల్లి మోకాళ్ళ ఆపరేషన్‌కు, ఇంకోచోట నాలుగు ఎకరాలకు సరిపోయేది. దాన్లోంచి మూడు కోట్లు తీసి కారు కొంటానని కొడుకు అంటే తండ్రి వద్దనే అంటాడు. కొడుకు అప్పుడు వాడే ఆయుధమే ఈ అబద్ధం. “నాన్నా, ఇది ఖర్చు కాదు, ఇన్వెస్ట్‌మెంట్.” చదువుకున్న కొడుకు, ఇంగ్లిషు మాట, వీడియోలో అంకెలు. ఆయన దగ్గర దానికి ఎదురు మాట లేదు. సంతకం పెడతాడు. తరతరాలుగా ఏటా పంటిచ్చిన భూమిని ఇచ్చి, ఏటా విలువ పోగొట్టుకునే లోహాన్ని తెచ్చుకున్నట్టయింది. పైగా ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 నంబరు కోసం పోటీ. 2024లో ఆ నంబరు 25 లక్షలు దాటింది. దాన్ని కూడా పెట్టుబడే అనేవాళ్ళున్నారు.

షేర్ల గురించి లైసెన్సు లేకుండా ఇంత లాభమొస్తుందని వీడియో పెడితే సెబీ వెంటపడుతుంది. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర రిస్కు గురించి హెచ్చరిక తప్పనిసరి. కోట్ల రూపాయల కారును ‘ఐదేళ్ళలో పెరుగుతుంది’ అని అమ్మేవాడికి హెచ్చరిక లేదు, లైసెన్సు లేదు, అడిగేవాడు లేడు. చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. దాన్ని నోటితో ప్రచారం చేసినవాళ్ళ మీద కూడా వేయొచ్చు, ఏడాదిపాటు ప్రచారాలు చెయ్యకుండా ఆపొచ్చు. కాబట్టి షోరూములో ఆ మాట విన్న ప్రతివాడూ ఒక పని చేయాలి. మూడేళ్ళ తర్వాత ఇదే ధరకు మేమే వెనక్కి కొంటామని స్టాంపు కాగితం మీద రాసివ్వమని అడగాలి. రాసివ్వకపోతే, చెప్పిన రీల్ స్క్రీన్ రికార్డు చేసి, ధర కాగితం జతచేసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాలి. హైదరాబాద్ నుంచి అలాంటి కేసు ఒక్కటి జరిమానా దాకా పోతే చాలు, మర్నాటి ఉదయం ఎన్ని వీడియోలు మాయమవుతాయో చూడాలని ఉంది నాకు.